పాత వెండి రూపాయిలు కొనడం ఎలా? మొదటి బిళ్ళ నుంచి మొదలుపెట్టేవాళ్ళకు

"తాతయ్య పెట్టెలో విక్టోరియా రూపాయి దొరికింది, ఎంతొస్తుంది?" "పాత వస్తువులు సేకరించాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" ఈ రెండు ప్రశ్నలూ నన్ను తరచూ అడుగుతుంటారు. రెండో ప్రశ్న అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: వెండి రూపాయితో మొదలుపెట్టండి. కానీ బిళ్ళ కొనేముందు త్రాసు కొనండి.

రూపాయే ఎందుకంటే, పాత ఇత్తడి చెంబు, గోడ గడియారం, చెక్క పెట్టె లాంటివాటికి వయసు తేల్చడం అనుభవం ఉన్నవాళ్ళకే కష్టం. రూపాయి మీద సంవత్సరం రాసి ఉంటుంది. ఎంత బరువు ఉండాలో, ఎంత వెండి ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించింది. 1835 నుంచి 1939 దాకా ముందు ఈస్టిండియా కంపెనీవాళ్ళు, తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం కొట్టించిన రూపాయి తూకం 11.66 గ్రాములు. అందులో 91.7 శాతం వెండి. అది సరిగ్గా పాత తులం. మన పెద్దవాళ్ళు "రూపాయెత్తు బంగారం" అనేది ఈ బిళ్ళను త్రాసులో వేసి తూచే. మోసం చేసేవాళ్ళకు ఈ లెక్కలు అన్నీ ఒకేసారి కుదరవు. మీకు ధైర్యం అక్కడే.

ముందు సమకూర్చుకోవలసినవి

- 0.01 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ త్రాసు. వంటింటి త్రాసు పనికిరాదు.
- పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునేది కూడా సరిపోతుంది.
- చిన్నదైనా బలమైన అయస్కాంతం.
- గాజు గ్లాసు, సన్నని కుట్టు దారం.
- మెత్తని నూలు గుడ్డ. కింద పరచడానికి, బిళ్ళ జారిపడితే దెబ్బ తగలకుండా.
- నాణేలు పెట్టుకునే అట్ట హోల్డర్లు.
- ఒక నోట్‌బుక్. దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

1. ఒక్క రాజును ఎంచుకోండి

కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు కనిపించినదల్లా కొనడం. రెండు అణాలు, నాలుగు నోట్లు, ఒక మొఘల్ బిళ్ళ, ఒక విదేశీ నాణెం. ఏడాది తిరిగేసరికి డబ్బా నిండుతుంది, దేని గురించీ ఏమీ తెలియదు.

ఐదో జార్జి రూపాయిలు తీసుకోండి. 1911 నుంచి 1922 దాకా వచ్చాయి. చాలా సంవత్సరాలవి సులువుగా దొరుకుతాయి, 1921, 1922 కొంచెం వెతికిస్తాయి. కలకత్తా, బొంబాయి రెండు టంకశాలల్లో కొట్టారు. వెనకవైపు అడుగున ఉన్న తామరపువ్వు కింద చిన్న ఉబ్బెత్తు చుక్క ఉంటే బొంబాయిది, లేకపోతే కలకత్తాది. ఆ చుక్కను భూతద్దంలో మొదటిసారి మీ కళ్ళతో మీరే పట్టుకున్న రోజు ఈ సరదా ఎందుకు వదలదో తెలుస్తుంది.

వీటిలో 1911 రూపాయికి ఒక కథ ఉంది. రాజుగారి వస్త్రం మీద హారంలో చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. మొదటి ఏడాది చెక్కినప్పుడు దాని తొండం పొట్టిగా పడి, చూసినవాళ్ళకు పందిలా అనిపించింది. జనం అభ్యంతరం చెప్పడంతో వాటిని ఆపేసి, 1912 నుంచి ఏనుగును సరిదిద్దారు. అందుకే 1911కి ఎక్కువ ధర అడుగుతారు. మొదటి నెలలోనే దాని వెంట పడకండి. ముందు 1912, 1916, 1918 లాంటివి పది చూసి, ఏనుగు ఎలా ఉండాలో కంటికి అలవాటు చేసుకోండి.

బడ్జెట్ తక్కువైతే వెండి వద్దు. 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లికాణీలు, అంచు వంపులు తిరిగిన అణాలు పట్టండి. తప్పు చేసినా నష్టం చిన్నదే.

నిజాం రూపాయిలు కావాలంటే తూకం వేరని గుర్తుంచుకోండి: 11.18 గ్రాములు, చాలావాటిలో వెండి 81.8 శాతం. చార్మినార్ బొమ్మ ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. "మీం" అయితే మహబూబ్ అలీ ఖాన్, "ఐన్" అయితే ఉస్మాన్ అలీ ఖాన్. సంవత్సరం హిజ్రీలో, ఉర్దూ అంకెల్లో ఉంటుంది కాబట్టి ఆ పది అంకెలూ ముందు నేర్చుకోవాలి. ఒక సాయంత్రం పని.

2. ఎవరి కాలానిదో గుర్తుపట్టండి

1835 సంవత్సరంతో ఉన్నది నాలుగో విలియం. 1840 అని ఉన్నవి రాణి విక్టోరియావి, వెనకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు ఉంటుంది. 1862 నుంచి కంపెనీ పేరు పోయి ఇండియా మాత్రమే మిగిలింది, రాణి తలమీద కిరీటం వచ్చింది. 1877 నుంచి "క్వీన్" స్థానంలో "ఎంప్రెస్" అని పడింది. 1903 నుంచి 1910 దాకా ఎడ్వర్డ్, కిరీటం లేని బోడి తల. ఆ తర్వాత కిరీటంతో ఐదో జార్జి. 1938 నుంచి ఆరో జార్జి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. 1940 నుంచి 1945 దాకా వచ్చిన రూపాయిల్లో వెండి సగమే, 50 శాతం. తూకం మాత్రం అదే 11.66. 1947 రూపాయి, వెనక పులి బొమ్మ ఉన్నది, అసలు వెండే కాదు, నికెల్. "పాత వెండి రూపాయిలు" అని ఒకే పళ్ళెంలో అన్నీ కలిపి పెట్టి ఒకే రేటు చెప్పే దుకాణంలో ముందు సంవత్సరం చదవండి.

3. అడుగు ధర మీరే లెక్క కట్టండి

ఏ బేరానికైనా ముందు బిళ్ళలో వెండి విలువ తెలిసి ఉండాలి.

1939 వరకు రూపాయి: 10.69 గ్రాముల వెండి.
1940–45 రూపాయి: 5.83 గ్రాములు.
నిజాం చార్మినార్ రూపాయి, 81.8 శాతంది: 9.14 గ్రాములు.

ఆ రోజు గ్రాము వెండి ధరతో గుణించండి. లెక్క కోసం గ్రాము 100 రూపాయలు అనుకుంటే జార్జి రూపాయిలో 1,069 రూపాయల వెండి ఉన్నట్టు. అరిగిపోయిన, మామూలు సంవత్సరం బిళ్ళకు ఈ విలువ మీద కొద్దిగా ఎక్కువ ఇవ్వవచ్చు, అంతకు మించి వద్దు. మరీ తక్కువకు ఇస్తానంటే ఇంకా జాగ్రత్త. వెండి ధర కంటే తక్కువకు అసలు వెండి ఎవరూ అమ్మరు. పక్క వీధిలో కరిగించేవాడికి ఇచ్చినా అంతకంటే ఎక్కువ వస్తుంది కదా.

మంచి స్థితిలో ఉన్నవాటికి, అరుదైన సంవత్సరాలకు ధర ఎలా తెలుస్తుంది? నాణేల వేలం సంస్థలు పాత వేలాల్లో అమ్ముడైన ధరలను ఆన్‌లైన్‌లో ఉంచుతాయి. అమ్మేవాళ్ళు "అడిగే" ధర కాదు, నిజంగా "పోయిన" ధర చూడండి. రెండింటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. వేలంలో మీరే పాడితే, పాట మీద కమీషనూ జీఎస్టీ కూడా పడతాయి. అవి కలిపాకే ధర అనుకోండి.

4. ఎక్కడ కొనాలి

నాణేల సంఘాలు పెట్టే ప్రదర్శనలు అన్నిటికన్నా మంచివి. అక్కడ ఇరవై బల్లల మీద ఒకే సంవత్సరం రూపాయి ఉంటుంది, పోల్చి చూడవచ్చు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఏమీ కొనకండి. చూడండి, అడగండి, రాసుకోండి. హైదరాబాద్‌లో ఉంటే సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో తెరిచిన మ్యూజియం కూడా చూడండి. నాణెం ఎలా అచ్చవుతుందో తెలిసిన కంటికి పోతపోసిన నకిలీ వెంటనే తేడాగా కనిపిస్తుంది.

ఊళ్ళో తెలిసిన కంసాలి రెండో దారి. కరిగించడానికి వచ్చిన పాత రూపాయిలు కొందరు పక్కన పెట్టి ఉంచుతారు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పండి: "బాబాయ్, గీటురాయి మీద గీయొద్దు." ఆయనకు అది అలవాటు పని, మీ బిళ్ళకు అది చెరగని గీత.

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ లాంటి సంతల్లో మంచివీ దొరుకుతాయి, నకిలీలూ దొరుకుతాయి. ఆరు నెలలు గడిచాకే అక్కడ చెయ్యి పెట్టండి. ఫొటో మాత్రమే చూపించి ముందే డబ్బు వేయమనే ఆన్‌లైన్ అమ్మకందారుల దగ్గర, వాపసు తీసుకుంటామని రాతపూర్వకంగా ఇస్తే తప్ప కొనకండి.

ఎక్కడ కొన్నా బిల్లు అడగండి. వందేళ్ళు దాటిన వస్తువుల వ్యాపారం చేసేవాళ్ళకు 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి.

5. బల్ల దగ్గర చేసే పరీక్షలు

ముందు అనుమతి అడగండి: "అన్నా, ఒకసారి తూచుకోవచ్చా?" నిజాయితీగా అమ్మేవాళ్ళెవరూ కాదనరు. మొహం చిట్లిస్తే నవ్వుతూ లేచి వచ్చేయండి. బిళ్ళను ఎప్పుడూ అంచులతో పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టకండి.

*తూకం.* బాగా వాడి అరిగినవి 11.4 గ్రాముల దాకా తగ్గుతాయి, అది సహజం. గీతలన్నీ పదునుగా, కొత్తగా ఉండి 11.2 తూగితే అది అబద్ధం. అరగకుండా బరువెలా తగ్గుతుంది? 11.66 కంటే గణనీయంగా ఎక్కువ తూగినా అనుమానించాల్సిందే. అర్ధరూపాయి 5.83, పావలా 2.92, వెండి బేడ 1.46.

*అయస్కాంతం.* వెండిని పట్టుకోదు. అంటుకుంటే లోపల ఇనుమో నికెలో ఉంది. 1947 పులి రూపాయి మాత్రం అంటుకోవాలి, అది నికెల్ కాబట్టి. అయస్కాంతానికి అంటుకోనంత మాత్రాన వెండి అని నిర్ధారణ కాదు, రాగి, ఇత్తడి, సీసం కూడా అంటుకోవు.

*అంచు.* భూతద్దం పెట్టి చుట్టూ తిప్పండి. గాడులు ఒకే లోతులో, ఒకే దూరంలో ఉండాలి. అంచు మధ్యలో సన్నని అతుకు గీత కనిపిస్తే పోత పోసినది.

*ముఖం.* అక్షరాల మొదళ్ళు పదునుగా ఉన్నాయా, మైనం కరిగినట్టు మెత్తగా ఉన్నాయా? ఖాళీ స్థలంలో సన్నని పొక్కులు ఉన్నాయా? పొక్కులు పోతకు గుర్తు. సంవత్సరంలో చివరి అంకెను విడిగా చూడండి. 1939 రూపాయి చాలా అరుదు, అందుకే వేరే సంవత్సరం అంకెను దిద్ది అమ్మేవాళ్ళున్నారు. దిద్దిన అంకె చుట్టూ లోహం రంగు కొద్దిగా మారి ఉంటుంది.

*టంకం మచ్చ.* మన దగ్గర ఇది ప్రత్యేకంగా చూడాలి. రూపాయిలకు కొక్కెం అతికి దండలు కట్టుకోవడం తెలుగునాట చాలా ఇళ్ళలో ఉండేది. కొక్కెం తీసేసి, ఆకురాయితో రాసి అమ్ముతారు. రాజు తలపైన, పన్నెండు గంటల చోట అంచు గాడులు చెరిగిపోయి ఉన్నాయేమో చూడండి. అలాంటిది అసలుదే, కానీ వెండి ధరకు మించి ఇవ్వకండి.

6. ఇంట్లో నీటి పరీక్ష

తూకం సరిపోయినా లోహం వేరే ఉండవచ్చు. దాన్ని పట్టుకునేది ఇది. పది నిమిషాల పని, రసాయనాలు అక్కర్లేదు.

గ్లాసులో సగానికి పైగా నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టండి. త్రాసును సున్నా చేయండి. బిళ్ళకు దారం కట్టి, పూర్తిగా మునిగేలా నీళ్ళలో వేలాడదీయండి. అడుగుకూ పక్కలకూ తగలకూడదు, బిళ్ళకు గాలి బుడగలు అంటుకోకూడదు. చెయ్యి వణక్కుండా గ్లాసు మీద అడ్డంగా పెన్సిలు పెట్టి దానికి దారం చుట్టడం పొరపాటు, అప్పుడు బిళ్ళ బరువంతా త్రాసు మీదే పడుతుంది. చేత్తోనే పట్టుకోండి, లేదా త్రాసును తాకని వేరే ఆధారానికి కట్టండి.

ఇప్పుడు త్రాసు చూపించే అంకెతో బిళ్ళ బరువును భాగించండి. 11.66 గ్రాముల అసలు జార్జి రూపాయికి త్రాసు 1.13 దగ్గర చూపిస్తుంది, భాగిస్తే 10.3 వస్తుంది. 50 శాతం వెండి రూపాయికి 1.22 దగ్గర, అంటే 9.5. 81.8 శాతం నిజాం రూపాయికి భాగఫలం 10.2 దగ్గర ఉండాలి. 8.5, 9 మధ్య వస్తే మీ చేతిలో ఉన్నది ఇత్తడో రాగి మిశ్రమమో. మూడుసార్లు చేసి సగటు తీసుకోండి, ఒక్కసారికే టెన్షన్ పడిపోవద్దు, బుడగ ఒక్కటి ఉన్నా అంకె మారుతుంది.

అయ్యాక మెత్తని గుడ్డతో అద్దండి. రుద్దవద్దు.

7. తోమకండి

దీన్ని ఒక మెట్టుగా ఎందుకు రాస్తున్నానంటే, నాకు వచ్చే ఫొటోల్లో ఎక్కువ బిళ్ళలు తోమేసినవే. మా అమ్మమ్మ ఇచ్చిన 1862 రూపాయిని నేనూ తోమాను. నల్లగా ఉందని చింతపండు పెట్టి, సరిపోలేదని పీతాంబరి పెట్టి రుద్దాను. తళతళలాడింది. నెల తర్వాత భూతద్దంలో చూస్తే రాణి చెంప మీద సన్నని గీతలు, గాజు మీద ఇసుక రాసినట్టు, వందల్లో. వందేళ్ళ పైబడి ఆ వెండి మీద నిదానంగా పట్టిన ముదురు రంగు మళ్ళీ రాదు. ఆ బిళ్ళ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎవరైనా తోమమంటారా అని అడిగితే దాన్నే చూపిస్తాను.

జిడ్డు, మట్టి మాత్రమే ఉంటే శుద్ధమైన నీళ్ళలో ఒక రోజు నానబెట్టి, ఆరనివ్వండి. టేపు జిగురు ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీయండి, కిటికీలు తెరిచి, మంటకు దూరంగా. గోళ్ళ రంగు తీసే ద్రవం వాడకండి, అందులో వేరేవి కలుస్తాయి. నలుపు అలాగే ఉండనివ్వండి.

కొనేటప్పుడు కూడా ఇదే చూడాలి. బిళ్ళను దీపం కింద నెమ్మదిగా వంచండి. తోమనిది, పెద్దగా అరగనిదైతే వెలుగు చక్రం ఆకుల్లా తిరుగుతుంది. తోమినదైతే అంతా ఒకే తెల్లదనం, ఒకే దిక్కున గీతలు.

8. దాచడం

మెత్తగా, వాసన వచ్చే ప్లాస్టిక్ కవర్లు వద్దు, అవి పీవీసీ. కొన్నాళ్ళకు జిగటగా పచ్చని పొర కడతాయి. రబ్బరు బ్యాండు, న్యూస్‌పేపరు, పసుపు గుడ్డ మూట, ఏవీ వద్దు. అట్ట హోల్డరులో పెట్టి, అట్ట మీద సంవత్సరం, టంకశాల, తూకం, కొన్న తేదీ, ధర రాయండి. పిన్ను కొట్టేముందు రాయాలి, తర్వాత కాదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్ళలో ఉంటే డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, మూడు నెలలకోసారి మార్చండి.

9. వీటి జోలికి పోవద్దు

రాముడు, సీత, ఆంజనేయుడి బొమ్మలతో, 1818 సంవత్సరంతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో వచ్చే అణా, అర్ధణా రాగి బిళ్ళలు నాణేలు కావు. కంపెనీ వాటిని కొట్టలేదు. పూజగదిలో పెట్టుకుంటే మీ ఇష్టం, లక్షలు వస్తాయని కొనకండి. నిజంగా దేవుడి బొమ్మ, తెలుగు అక్షరాలూ ఉన్న కంపెనీ నాణెం కావాలంటే మద్రాసు టంకశాల వెండి అరవరహాను చూడండి. ఒకవైపు గోపురం, మరోవైపు విష్ణువు, చుట్టూ తమిళం, తెలుగు. ఏ మ్యూజియంలోనైనా దాని ముందు కాసేపు నిలబడవలసిందే.

బియ్యాన్ని ఆకర్షించే రాగి చెంబు, రైస్ పుల్లింగ్, ఇరిడియం, ఈ మాటలు వినగానే ఫోను పెట్టేయండి. ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తామని చెప్పి ముందుగా "ఫీజు" అడిగేదీ మోసమే. రిజర్వ్ బ్యాంకు పేరు వాడుకుని ఇలా కమీషన్లు అడుగుతున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

పొలంలో దొరికాయని తెచ్చే బిళ్ళలు కొనకండి. 1878 నాటి నిధి చట్టం ప్రకారం, భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువైన నిధి గురించి కలెక్టరుకు చెప్పాలి. ఏనుగు దంతం వస్తువులు, గుడి విగ్రహాలు కూడా వద్దు.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు: వందేళ్ళు దాటిన నాణెం చట్టం దృష్టిలో పురావస్తువు. దాన్ని దేశం దాటించే హక్కు మామూలు మనుషులకు లేదు. 1911 నుంచి 1922 దాకా వచ్చిన రూపాయిలన్నీ ఇప్పుడు ఆ వయసు దాటినవే. తాతయ్య ప్రేమగా ఇచ్చినా సూట్‌కేసులో పెట్టుకోకండి, ఇక్కడే ఇంట్లో దాచమని చెప్పండి.

10. ఆరు నెలలకు ఒకసారి సరిచూసుకోండి

నోట్‌బుక్ తీసి, ప్రతి బిళ్ళను మళ్ళీ తూచండి. అంకె కలవాలి. పచ్చని చుక్కలు కొత్తగా వచ్చాయా చూసి, వస్తే ఆ హోల్డరు పారేయండి. తర్వాత మీరు ఇచ్చిన ధర పక్కన, ఇటీవలి వేలంలో అదే సంవత్సరం, అదే స్థితిలో ఉన్న బిళ్ళ పోయిన ధర రాయండి. ఎక్కువ ఇచ్చినచోట ఎర్ర గీత పెట్టి, కారణం ఒక్క మాటలో రాయండి: తొందర, తోమినది, టంకం, అడగలేదు. చివరిగా రెండు రూపాయిలు సంవత్సరం కనబడకుండా వేలితో మూసి, తామరపువ్వు కింది చుక్కను బట్టి టంకశాల చెప్పగలరేమో చూడండి. చెప్పగలిగితే ఇక 1911 వెతకడం మొదలుపెట్టవచ్చు.